రెండో చెయ్యి

మా మామగారికి గోదావరి మీద తప్ప దేనిమీదా నమ్మకం లేదు. అదైనా ధవళేశ్వరం ఆనకట్ట గేట్లు మూసి ఉన్నప్పుడే. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ పాలవాడు పోసిన పాలలో రోజూ లాక్టోమీటరు ముంచి చూస్తారు. గ్యాసుబండ వస్తే తూకం వేయించనిదే గుమ్మం దాటనివ్వరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా చేతి కాఫీ ఒక గుక్క తాగి, కాసేపు ఆగి, ప్రాణానికేమీ ఢోకా లేదని తేలాక మిగతాది తాగేవారు. అలాంటి మనిషి నేను తయారుచేసిన యంత్రాన్ని నమ్ముతారనుకోవడం నా తెలివితక్కువతనం.

ఆయన పేరు చిట్టూరి సత్యానందం. ఆ పేరు ఊళ్ళో ఎవరికీ పెద్దగా తెలియదు. ఆయన భార్య, అంటే మా అత్తగారు వకుళ పేరు మాత్రం బొమ్మలంటే ఇష్టమున్న వాళ్ళందరికీ తెలుసు. ఆవిడ పోయిన మూడేళ్ళకి రాజమండ్రిలో గోదావరి గట్టున, పాత కలప అడితి స్థలంలో, వకుళ చిత్రశాల కట్టారు. భవనమంతా ఆవిడ బొమ్మలే. లంకల్లో ఎండ, ఇసుక మీద ఆరేసిన చీరలు, పడవ వెళ్ళిపోయాక మిగిలిన నీళ్ళు. మనుషులుండరు. దగ్గరికెళ్తే వాలు గీతలు తప్ప ఏమీ కనిపించవు. వెనక్కి జరిగితే గోదావరి మధ్యాహ్నం వచ్చి కళ్ళలో పొడుస్తుంది.

జనం బొమ్మల కోసం వస్తారు, నా తొడుగు కోసం కూడా వస్తారు. ఎండిన రంగు మీద కుంచె వెంట్రుకలు వదిలిన సన్నటి గాడులు ఉంటాయి కదా, ఆ గాడుల లోతు, వంపు, ఏ గీత మీద ఏ గీత ఎక్కింది, అన్నీ నా యంత్రం వెలుతురుతో చదువుతుంది. చదివి, ఆ గీత గీసిన చెయ్యి ఎలా కదిలి ఉంటుందో లెక్కగడుతుంది. బొమ్మ పక్కనే మోచేతిదాకా వచ్చే తొడుగు ఒకటి వేలాడుతూ ఉంటుంది. అందులో చెయ్యి పెడితే లోపలి గాలి తిత్తులు ఉబ్బి, మీ వేళ్ళని కుంచె పట్టుకున్నట్టు ముడుస్తాయి, మీ మణికట్టుని తిప్పుతాయి. కళ్ళు మూసుకుంటే, ఆ గీత గీస్తున్నది మీరే అనిపిస్తుంది. వకుళ చెయ్యి మీ చేతిలోకి వచ్చేస్తుంది.

ప్రారంభోత్సవానికి మామగారు జ్వరమని పడుకున్నారు. థర్మామీటరుకి మాత్రం ఆ జ్వరం దొరకలేదు. ఆ తర్వాత నేనూ మా ఆయనా ఎన్నిసార్లు పిలిచినా ఏదో ఒక వంక చెప్పి దాటేశారు. చివరికి ఒక శనివారం, ఎవరికీ చెప్పకుండా, గొడుగు చంకలో పెట్టుకుని ఒక్కరే వచ్చారు. నేను చిత్రశాలలోనే ఉన్న మా ప్రయోగశాల అద్దంలోంచి చూసేసరికి 'ఆరేసిన చీర' బొమ్మ ముందు వరసలో నిలబడి ఉన్నారు. పరుగున వెళ్ళాను.

"వరసెందుకు మావయ్యగారూ, చెప్తే నేనే తీసుకొద్దును కదా."

"చెప్తే సర్దేస్తారు," అన్నారు. ఆయన కళ్ళు తొడుగు మీదే ఉన్నాయి. ఆయన ముందున్న కాలేజీ అమ్మాయి అందులో చెయ్యి పెట్టి కన్నీళ్ళు తుడుచుకుంటోంది. "అంటే ఇంతమందీ ఆవిడ చెయ్యి పట్టుకుంటున్నారన్నమాట."

"పట్టుకోవడం కాదండి. ఆవిడ చెయ్యి ఎలా కదిలిందో తెలుసుకుంటున్నారు."

"అన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి, నాకే తెలీదు అది."

ఆయన వంతు వచ్చింది. వాచీ తీసి జేబులో వేసుకున్నారు. చొక్కా చెయ్యి మడిచి, కుడి చెయ్యి తొడుగులో పెట్టారు. గాలి నిండిన చప్పుడు సన్నగా వినిపించింది. కళ్ళు మూసుకున్నారు. ఆ ముఖంలో ఒక్క క్షణం ఏదో ఆశ కనిపించిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. అది సగంలో ఉండగానే చెయ్యి బయటికి లాగేసి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"ఇది వకుళ చెయ్యి కాదమ్మా."

వెనకున్న వాళ్ళు తొంగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. చిత్రశాల నిర్వాహకులు దివాకర్ గారు కూడా అప్పుడే అక్కడికి వచ్చారు, విన్నారు.

"ఆఖర్న ఆస్పత్రిలో ఒక చేతికి సెలైను సూది ఉంచేశారు," మామగారు గొంతు తగ్గించకుండానే చెప్తున్నారు. "ఇంకో చెయ్యి నెల్లాళ్ళూ నా చేతిలోనే ఉంది. ఆ బొటనవేలు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. నా వేలు పట్టుకుని అలా తిప్పుతూనే ఉండేది. దీని బొటనవేలు చచ్చుపడి ఉంది. ఇదెవరిదో చెయ్యి."

దివాకర్ గారు నవ్వు తెచ్చిపెట్టుకుని, "యంత్రం కదా సార్, కొంచెం తేడా ఉంటుందండి," అన్నారు. ఆ నవ్వు అతికినట్టు లేదు. మామగారు ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

*

ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయన లేరు. కాకినాడ వెళ్ళారు. మామగారు చారు కలుపుకుంటూ, తల ఎత్తకుండా అడిగారు.

"ఆ దివాకర్ నన్ను చూసి ఎందుకు తడబడ్డాడు?"

"తడబడలేదండి. పని ఒత్తిడి."

"నువ్వూ తడబడ్డావు."

నేను అప్పడం వడ్డించాను. అది ఆయన పళ్ళెంలో కాకుండా బల్ల మీద పడింది. ఆయన దాని వంకా నా వంకా చూసి, ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే నన్ను భయపెట్టింది.

మా ఇంట్లో అందరికీ తెలిసిన గడియ సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ధవళేశ్వరం క్వార్టర్సులో ఉన్నప్పుడు అత్తగారు పెరటి వైపు గదిలో బొమ్మలు వేసుకునేవారు. లోపలికి వెళ్ళగానే గడియ. ఎవరైనా రావాలంటే తలుపు కొట్టాలి, ఆగాలి, అప్పుడు ఆవిడ వచ్చి తీసేవారు. చేతిలో కుంచె ఉండేది, ముఖాన చిరునవ్వు ఉండేది. రమ్మని, వచ్చినవాళ్ళ ముందే ఒకటి రెండు గీతలు గీసేవారు కూడా. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ గడియ. మా ఆయన చిన్నప్పుడు ఆ గుమ్మం బయట కూర్చుని హోంవర్కు చేసుకునేవారట. ఆ చప్పుడుకి అలవాటు పడిపోయారు. మామగారు పడలేదు.

"తలుపు తీసేటప్పటికి ఏదో అప్పుడే సర్దేసినట్టుండేదమ్మా," అని ఒకసారి, ఆవిడ పోయిన ఏడాదిలో, నాతో అన్నారు. "ఏం సర్దిందో కనిపెట్టలేకపోయాను."

అంతవరకే అన్నారు. కాన్వాసులు బిగించి ఇచ్చే డ్రాయింగు మాస్టారు ఒకాయన వారానికోసారి ఆ ఇంటికి వచ్చేవారని, పెరటి గుమ్మం నుంచే వచ్చి పోయేవారని నాకు మా ఆయన చెప్పారు. ఆ మాస్టారి పేరు వస్తే మామగారు లేచి వరండాలోకి వెళ్ళిపోతారు. ఇప్పుడు ఆ మాస్టారూ లేరు. అడగడానికి ఎవరూ మిగల్లేదు. నా యంత్రం తప్ప.

నేను దాచింది కూడా అది చెప్పిన సంగతే.

*

మొదట్లోనే యంత్రం రెండు విషయాలు చెప్పింది. ఒకటి నాకు నచ్చలేదు, రెండోది భయపెట్టింది.

కుడిచేత్తో గబగబా వాలు గీతలు గీసి చూడండి. అవి ఒకే వైపు ఒరుగుతాయి. మోచెయ్యి దాని వీలు చూసుకుంటుంది కాబట్టి. అత్తగారి గీతలు రెండో వైపు ఒరిగి ఉన్నాయి. ఆవిడ కుడిచేత్తో అన్నం తినడం, ఉత్తరాలు రాయడం, అక్షింతలు వెయ్యడం నేను చూశాను. ఆవిడ బొమ్మ వేస్తుండగా తీసిన ఫొటోల్లో, వీడియోల్లో కుంచె కుడిచేతిలోనే ఉంది. అంచేత యంత్రానికి కుడి చెయ్యే ఇచ్చి, లెక్క తేల్చమన్నాను. అది మొరాయించింది. అలా గీయాలంటే మోచెయ్యి విరగాలంది. నేను ఆలోచించి, ఆవిడ కాన్వాసుని పక్కకి తిప్పి వేసి ఉంటారని ఊహించాను. కొంతమంది చిత్రకారులకి ఆ అలవాటు ఉంటుంది. కాన్వాసు తిప్పాక లెక్క కుదిరింది. ఇంకా ఏవో చిన్న చిన్న కదలికలు కుదరలేదు. బొటనవేలి దగ్గర ఏదో తిప్పుడు. దాన్ని పొరపాటు కింద తీసేసి నున్నగా చేశాను.

రెండోది ఇంతకంటే చెడ్డది. దాదాపు ప్రతి బొమ్మలోనూ అక్కడక్కడ అరచేతి వెడల్పున చిన్న చిన్న మచ్చలున్నాయి. ఆ చోట్ల గీతలు మామూలు కుడిచేతి వాటాన ఒరుగుతాయి. కాన్వాసు తిప్పక్కర్లేదు. కానీ అవి బెరుకుగా, మెల్లగా, నేర్చుకుంటున్న వాళ్ళు గీసినట్టు ఉంటాయి. యంత్రం మొహమాటం లేకుండా చెప్పింది: ఇవి వేరే చెయ్యి గీసినవి. బొమ్మకి ఇద్దరు మనుషులు.

దివాకర్ గారికి చూపిస్తే ఆయన ముఖం పాలిపోయింది. "ఒక్క మనిషి పేరు మీద కట్టిన భవనమండి ఇది. ఇంకో మనిషి ఉన్నాడంటే జనం ఏమనుకుంటారు. ఎవరో శిష్యులు సరిదిద్దారేమో, వదిలెయ్యండి మేడం," అన్నారు. నేను వదిలేశాను. ఆ మచ్చలు రాకుండా, మంచి భాగాలే తొడుగుకి ఎక్కించాను.

ఆయన జనానికి భయపడ్డారు. నేను భయపడింది ఒక్క మనిషికి. గడియ వేసిన గదిలో ఇంకో చెయ్యి ఉందని తెలిస్తే మా మామగారు ఏమైపోతారు? అంతకంటే సిగ్గుపడే మాట ఇంకోటుంది. ఆ మచ్చలు చూస్తూ చూస్తూ నేను కూడా ఆ డ్రాయింగు మాస్టారి గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. అత్తగారు నన్ను కన్నకూతురిలా చూసుకున్నారు. అయినా ఆలోచించాను.

*

సోమవారం చిత్రశాలకి సెలవు. పొద్దున్నే నేను ప్రయోగశాల తాళం తీస్తుంటే మామగారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"నువ్వు నాకు అబద్ధం చెప్పలేవమ్మా. చెప్పడం చేతకాదు నీకు," అన్నారు. "ఒక్కటే అడుగుతాను. ఆ గదిలో ఇంకెవరున్నారు?"

కుర్చీ వేశాను. కూర్చోలేదు. చెప్పక తప్పలేదు. వాలు గీతలు, తిప్పిన కాన్వాసు, ప్రతి బొమ్మలోనూ కనిపించే రెండో చెయ్యి, అన్నీ చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆయన కిటికీలోంచి గోదావరి వంక చూస్తున్నారు.

"నాకు తెలుసు," అన్నారు చివరికి. ఇన్నేళ్ళ అనుమానం నిజమైతే మనిషి కోప్పడతాడనుకున్నాను. ఆయన గొడుగు గోడకి ఆనించి, అది పడిపోతే మళ్ళీ ఆనించి, మళ్ళీ పడిపోతే అలాగే వదిలేశారు. నాకు ఏడుపొచ్చింది.

"అద్దం లేకుండా ఒక్క బొమ్మ చూపించు," అన్నారు కాసేపటికి. "దగ్గర్నుంచి చూస్తాను. ఆ మచ్చ ఏదో చూపించు."

బాగు చెయ్యడానికి గోడ మీంచి దించిన 'లంకలో ఎండ' బల్ల మీదే ఉంది. లేపి నిలబెట్టాను. మచ్చ చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగారు. మచ్చ వదిలేసి వేరే ఎక్కడో చూస్తున్నారు.

"కాన్వాసు పక్కకి తిప్పి వేసిందన్నావు కదూ?"

"అవునండి."

"మరి ఇదేంటి?"

ఆయన వేలు చూపించిన చోట పల్చటి పసుపు రంగు కొంచెం కారి ఉంది. అలాంటివి ఆ బొమ్మలో చాలా ఉన్నాయి. నా దృష్టిలో అవి చెత్త. లెక్కకి అడ్డొస్తున్నాయని యంత్రం కంటికి ఆనకుండా మూసేశాను.

"అన్నీ కిందికే కారాయి," అన్నారు. "గీత మీంచి కారి, దాని మీద మళ్ళీ గీత పడింది చూడు. పక్కకి తిప్పి ఉంటే పక్కకి కారాలి. నీళ్ళెటు పారతాయో నాకొకరు చెప్పక్కర్లేదు. ఇది నిలబెట్టే వేసింది."

కాన్వాసు తిప్పలేదు. తిప్పకుండా ఆ వాలు గీతలు రావాలంటే దారి ఒక్కటే. అది ఇంత తేలిగ్గా ఉండి కూడా నాకు తట్టలేదు. ఎందుకంటే మా ఇంట్లో ఎవరైనా ఏ మంచిపనైనా కుడిచేత్తోనే చేస్తారు. చెయ్యాలి కూడా. యంత్రానికి చెయ్యి ఇచ్చేటప్పుడు రెండో చెయ్యి ఉందన్న సంగతే నాకు గుర్తు రాలేదు.

"మావయ్యగారూ, ఆస్పత్రిలో సెలైను ఏ చేతికి పెట్టారు?"

"కుడి చేతికి. ఎడం చేతి నరాలు దొరకలేదన్నారు. ఎందుకూ?"

నేను నా ఎడమ చెయ్యి ఎత్తి, గాలిలో ఆ వాలునే ఒక గీత గీశాను. చూస్తూ ఉండగానే ఆయనకీ అర్థమైపోయింది. మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

"పుర్రచెయ్యి," అన్నారు. "పెళ్ళయిన కొత్తలో వకుళకి పుర్రచేతి వాటం ఉండేది. పంక్తిలో ఎడం చేత్తో నెయ్యి వడ్డించబోతే మా అమ్మ అందరి ముందూ గరిటె లాక్కుంది. ఆ చేతికి తడిగుడ్డ కట్టి ఉంచేది వంట చేస్తున్నంతసేపూ. కొన్నాళ్ళకి వకుళ ఆ అలవాటు మానేసింది. మానేసిందనే అనుకున్నాం అందరం."

*

మా ప్రయోగశాలలో మొదటి నమూనా తొడుగు ఒకటి ఉంది. గాలి గొట్టాలు మార్చి బిగిస్తే ఎడమ చేతికీ పనికొస్తుంది. యంత్రానికి ఎడమ చెయ్యి ఇచ్చి, కాన్వాసు నిలబెట్టి, కారిన రంగుకి వేసిన మూతలన్నీ తీసేశాను. ఈసారి అది మొరాయించలేదు. నేను నున్నగా చేసిన తిప్పుడు కూడా దాని చోటికి అది వచ్చింది. ఆవిడ గీత గీస్తూ బొటనవేలితో కుంచెని దొర్లించేవారు. రంగు వెంట్రుకలన్నిటికీ సమానంగా అందడానికి.

మామగారు ఎడమ చెయ్యి పెట్టారు. గాలి నిండింది. ఆయన బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా, ఆగకుండా దొర్లడం మొదలుపెట్టింది. కుడి చేత్తో కళ్ళు మూసుకున్నారు. ఆస్పత్రిలో ఆ వేలు నొప్పికి అలా తిరుగుతోందని, నర్సుని పిలిచి మందు పెంచమని అడిగారట. నొప్పి కాదు. ఆవిడ పని చేసుకుంటున్నారు.

చెయ్యి బయటికి తీసుకుని, "మరి ఆ మచ్చలు?" అన్నారు.

ఇంజనీరు కదా, లెక్క మధ్యలో వదలరు. నాకూ అప్పటికి అందింది గానీ నోటితో అనలేకపోయాను. యంత్రం రెండు చేతులని చెప్పింది నిజమే. అవి ఇద్దరు మనుషులవని అనుకున్నది నేను.

"కుడి చెయ్యి కూడా ఆవిడదేనండి," అన్నాను.

"తలుపు కొట్టినప్పుడల్లా మార్చేది," అన్నారు. "కుంచె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి. అదే సర్దడం. నేను లోపల నిలబడి ఉన్నంతసేపూ కుడిచేత్తో గీసేది, నేను చూస్తున్నానని." ఆయన వేలు 'లంకలో ఎండ' మీద ఒక మచ్చ నుంచి ఇంకో మచ్చకి వెళ్ళింది. "ఇవన్నీ నేను కాఫీ పట్టుకెళ్ళినప్పటివి. ఆఫీసు నుంచి రాగానే పట్టుకెళ్ళేవాణ్ణి."

కాఫీ ఇవ్వడానికేనా, గడియ వెనక ఏముందో చూడటానికా అని నేను అడగలేదు. ఆయనే చెప్పారు.

"కాఫీ ఒక వంకమ్మా."

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. "మా అమ్మ పోయాక వేసిన వాటిలో కూడా ఉన్నాయా ఇవి?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదని ఆయనే అన్నారు కదా. "ఉన్నాయండి."

"అమ్మ పోయాక వకుళ ఇంకా పాతికేళ్ళు బతికింది. పాతికేళ్ళు ఎవరికి దాచింది?"

జవాబు ఇద్దరికీ తెలుసు. ఆయనకి ఎంత నొప్పి కలిగిందో నాకు కనిపిస్తూనే ఉంది. మాస్టారు ఉన్నారని తేలి ఉంటే ఆయన ఎవరినో ఒకరిని తిట్టుకునేవారు. ఇప్పుడు తిట్టుకోవడానికి ఎవరున్నారు.

ఊరడించడానికి ఏదో ఒకటి కావాలని, బొమ్మల వివరాలన్నీ తెర మీద ఒకదాని తర్వాత ఒకటి తిప్పాను. అప్పుడు ఒక సంగతి కంటపడింది. ఆవిడ చివరి బొమ్మ 'రేవు'లో మచ్చలు లేవు. ఒక్కటి కూడా లేదు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా ఎడమ చెయ్యే.

"చూడండి మావయ్యగారూ. దీన్ని వేసేటప్పుడు మీరు ఒక్కసారి కూడా ఆవిడ పనికి అడ్డు వెళ్ళలేదు."

ఆయన తెర దగ్గరికి వచ్చి చూశారు. తల అడ్డంగా ఊపారు.

"వెళ్ళాను. రోజూ వెళ్ళాను. జబ్బు మనిషి, గడియ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. తలుపు తీసే ఉండేది. పూటపూటకీ మాత్రలు నేనే ఇచ్చేవాణ్ణి. మాత్ర చేదని కిటికీలోంచి పారేస్తోందేమోనని నాకు అనుమానం. గ్లాసు ఇచ్చి, మింగేదాకా కదిలేవాణ్ణి కాదు. గుటక పడిందా లేదా అని ఆవిడ నోటి వంకే చూసేవాణ్ణి."

నాకు మిగతాది చెప్పక్కర్లేదు. ఆవిడ ఎడమ చేతిలో కుంచె ఉంచుకునే కుడిచేత్తో గ్లాసు అందుకుని ఉంటారు. ఇన్నేళ్ళ తర్వాత ఒకరోజు కుంచె మార్చకుండా, చూస్తే చూడనీ అని అలాగే నిలబడి ఉంటారు. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ. మామగారు ఆవిడకి ఎదురుగానే నిలబడ్డారు. చూడలేదు.

*

దివాకర్ గారు వారం రోజులు గింజుకున్నారు. కుడిచేత్తో బొమ్మ వేస్తున్న అత్తగారి పెద్ద ఫొటో చిత్రశాల గుమ్మంలో ఉంది, దాన్నేం చెయ్యాలని ఆయన బాధ. యంత్రం తప్పు కాదని, నేను తప్పు చెయ్యి ఇచ్చానని అందరి ముందూ చెప్పుకుంటానన్నాను. నా దిగులు అది కాదు. ఆవిడ జీవితమంతా గడియ వేసి దాచుకున్నదాన్ని వరసలో నిలబడ్డ ప్రతివాళ్ళ చేతికీ తొడగడం న్యాయమా అని. ఆ మాట మామగారినే అడిగాను. ఆయన వద్దంటే పాత తొడుగే ఉంచేద్దామనుకున్నాను.

ఆయన పాలగిన్నెలో లాక్టోమీటరు ముంచి, దాని వంక చూడకుండానే బయటికి తీసేశారు.

"చివరిదాకా గడియ పెట్టుకునే ఉంటే నేను వద్దందును," అన్నారు. "ఆఖర్న తలుపు తీసి ఉన్నా తను కుంచె చెయ్యి మార్చలేదు కదమ్మా. మళ్ళీ మనం మూసెయ్యడం ఎందుకు?"

కొత్త తొడుగులు ఎడమ చేతికి వచ్చాయి. చాలామంది అలవాటు కొద్దీ కుడి చెయ్యి చాపుతారు. కాపలా మనిషి చిరునవ్వుతో, ఎడం చెయ్యి పెట్టండి అని చెప్తాడు. పెద్దవాళ్ళు కొందరు మొదట కాస్త జంకుతారు, తర్వాత పెడతారు.

మామగారు వచ్చింది మాత్రం మళ్ళీ సోమవారమే. 'రేవు' ముందు ఆగి, మామూలుగా జనానికి చూపించే కొద్ది భాగం వద్దు, బొమ్మ మొత్తం నడిపించమన్నారు. చాలాసేపు పడుతుందన్నాను. పడనీ అన్నారు. కుర్చీ వేస్తానంటే వద్దన్నారు, ఆవిడ నిలబడే వేసేదన్నారు.

చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. గాలి నిండింది. నేను పక్కన నిలబడ్డాను. ఆయన చెయ్యి గాలిలో లేస్తోంది, దిగుతోంది, బొటనవేలు దొర్లుతూనే ఉంది. రేవు మెట్లు పూర్తయ్యాయి. నీళ్ళు మొదలయ్యాయి. నీళ్ళ మీద ఎండ వచ్చింది. ఆయన పెదవులు మెల్లగా కదులుతున్నాయి. మంత్రమేదో చదువుతున్నారనుకుని దగ్గరికి వంగాను.

"ఇక్కడెక్కడో లోపలికొచ్చి ఉంటాను," అంటున్నారు. "ఇక్కడేనా. కాదు. ఇక్కడ."

ఆయన వెతుకుతున్నది తన అడుగుల చప్పుడు విని ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగిన చోటు. తను మాత్రలు పట్టుకుని గుమ్మంలో నిలబడిన చోటు. అది ఎక్కడో ఒకచోట దొరుకుతుందని, అప్పుడు తను కూడా ఆ బొమ్మలో ఉంటానని ఆయన ఆశ. కిటికీ బయట ఎండ ఆవలి గట్టు దాకా పాకింది. చివరి గీత అయిపోయింది. తొడుగులో గాలి దిగిపోయి ఆయన వేళ్ళు విడిపోయాయి.

ఆయన చెయ్యి వెంటనే తియ్యలేదు. నా వైపు తిరిగి, నేనేదో అడిగినట్టు, దానికి జవాబు చెప్తున్నట్టు చెప్పారు.

"ఎక్కడా ఆగలేదమ్మా."